ఒకే కిల్న్ ఉన్న గాజు స్టూడియో: ఏడాది పొడుగునా పని ఎలా సాగుతుంది?

ప్రశ్న ఇదీ: హైదరాబాద్‌లో ఒక గది, ఒక కరెంటు కిల్న్ (గాజును కరిగించే బట్టీ) పెట్టుకుని చేతితో గాజు గిన్నెలు, పళ్లేలు, కోస్టర్లు, వేలాడదీసే బొమ్మలు చేసి అమ్మాలంటే ఏ నెలలో ఏ పని చేయాలి, ఎక్కడ దెబ్బతింటారు? ఇక్కడ మాట్లాడేది గాజు పలకలను కోసి, పేర్చి, కిల్న్‌లో కరిగించి అతికించే ఫ్యూజింగ్ గురించి. గొట్టంతో ఊదే పద్ధతి వేరు. దానికి కొలిమి 1,100 డిగ్రీల దగ్గర రాత్రీ పగలూ నెలల తరబడి వెలుగుతూనే ఉండాలి. మన ఎండల్లో, మన కరెంటు బిల్లుల్లో కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ముందు ఒక మాట. చాలామంది ఏడాదిని ఆర్డర్లతో లెక్కపెడతారు. గాజు పనిలో లెక్కపెట్టాల్సింది కిల్న్ వాయిలను. గారెలు వాయి వాయిగా తీసినట్టే ఇక్కడా పని వాయిల్లోనే సాగుతుంది, కాకపోతే ఒక్కో వాయికి ఒక రోజు పడుతుంది.

లెక్క చూడండి. 3 మి.మీ. పలకలు రెండు పేర్చి 6 మి.మీ. పళ్లెం చేయాలి. గాజు 90 విస్తరణ రకం (వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె 90), అంటే బుల్స్ఐ కంపెనీది వంటిది. గంటకు 200 డిగ్రీల చొప్పున 660కి తీసుకెళ్లి అక్కడ 30 నుంచి 45 నిమిషాలు ఆపాలి. పలకల మధ్య గాలి బయటికి పోయేది ఈ సమయంలోనే. దీన్ని ఎగ్గొడితే బొబ్బలొస్తాయి. తర్వాత గంటకు 300 చొప్పున 805-810కి చేర్చి 10 నిమిషాలు ఉంచాలి. అక్కడి నుంచి కిల్న్ దానంతట అది 482కి దిగుతుంది. 482లో ఒక గంట ఆపడమే అనీలింగ్, అంటే గాజు లోపలి బిగువు సడలడం. ఆ తర్వాత గంటకు 80 చొప్పున 370 దాకా దించి కిల్న్ ఆపేయాలి. ఇక మూత తెరవకుండా 50 డిగ్రీలకు దిగేదాకా వదిలేయాలి. మొత్తం 16 నుంచి 18 గంటలు. అంటే రోజుకి ఒక వాయి, నెలలో నికరంగా ఇరవై, ఇరవై రెండు.

ఇప్పుడు ఎవరో 20 సెం.మీ. గిన్నెలు 40 అడిగారనుకోండి. కిల్న్ లోపలి 50 సెం.మీ. చదరపు షెల్ఫ్ మీద అలాంటి బిళ్లలు నాలుగే పడతాయి. 40కి పది వాయిలు. ఇవి ఇంకా చదునుగా ఉన్న బిళ్లలే. వీటిని అచ్చు మీద పెట్టి 660-675 దగ్గర వంచడానికి మళ్లీ కిల్న్‌లో పెట్టాలి. నాలుగు అచ్చులుంటే ఇంకో పది వాయిలు, రెండే ఉంటే ఇరవై. పగిలేవాటికీ బొబ్బలొచ్చేవాటికీ పదింట ఒకటి చొప్పున అదనంగా వేసుకుంటే, నాలుగు అచ్చులతో 22 రోజులు, రెండు అచ్చులతో 33. కాబట్టి ఆర్డర్ ఒప్పుకునే ముందు గాజు ఎంత ఉందని కాకుండా అచ్చులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. 10 సెం.మీ. కోస్టర్లయితే అదే షెల్ఫ్ మీద 16 పడతాయి, ఒక్క వాయితో అయిపోతాయి. తొలి ఏడాది బతికించేవి కోస్టర్లే.

మందం పెరిగితే కథ మారిపోతుంది. 12 మి.మీ. గాజును 482 నుంచి చల్లార్చడానికి 5 గంటలు చాలు. 25 మి.మీ.కి 14 గంటలు, 50 మి.మీ. దిమ్మెకు 47 గంటలు కావాలి. మందం రెట్టింపైతే సమయం సుమారు మూడు రెట్లు అవుతుంది. దీపావళి ముందు నెలలో ఎవరైనా లావుపాటి దిమ్మె అడిగితే డబ్బు ఎంత ఇచ్చినా కార్తీకం తర్వాతే అని చెప్పేయండి. ఆ ఒక్క దిమ్మె మూడు రోజుల వాయిలను తినేస్తుంది.

ఇక ఏడాది సంగతి. ఉగాది నుంచి మొదలుపెడదాం. వేసవి మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే కొత్త స్టూడియోలు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే.

ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్ల రిటర్న్ గిఫ్టులు, పిల్లల సెలవుల వర్క్‌షాపులు కలిసొస్తాయి. అదే సమయంలో కరెంటు ఏడిపిస్తుంది. పోవడం ఒక ఎత్తు, వోల్టేజ్ పడిపోవడం ఇంకో ఎత్తు. రెండోది కంటికి కనపడదు కాబట్టి దాని గురించి ముందు చెప్పాలి. కిల్న్‌ను వేడెక్కించే కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 6 కిలోవాట్లు ఇచ్చే కిల్న్, 200 దగ్గర నాలుగున్నరే ఇస్తుంది. అంటే నాలుగో వంతు పోయినట్టే. వేడిని నడిపించే కంట్రోలర్ గంటకు 300 అడుగుతుంటే కిల్న్ 150 కూడా ఎక్కలేక ఈడుస్తుంది. గాజు 700-760 డిగ్రీల మధ్య అవసరానికి మించి నానుతుంది. ఆ వేడిలో గాజు పైపొర స్ఫటికాలుగా మారి, పళ్లెం మీద పాలపొర లాంటి మాసిన మచ్చ మిగులుతుంది. దీన్నే డీవిట్ అంటారు. గాజు మంచిది కాదేమో, సరిగ్గా తుడవలేదేమో అని వెతుకుతారు కానీ అసలు తప్పు చాలాసార్లు వోల్టేజ్‌లో ఉంటుంది. కిల్న్ పక్కనే ఒక వోల్ట్ మీటర్ బిగించి, ప్రతి వాయికీ 660 నుంచి 800 ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. అరగంట పట్టేది గంట దాటితే ఆ వాయిలో డీవిట్ ఉంటుందని ముందే తెలుస్తుంది. వచ్చేసిన మచ్చకు మందు ఉంది. పైపొరను గరుకురాయితో నీళ్లలో రుద్ది, వెలిగారం కలిపిన నీళ్లు పలచగా చల్లి, ఆరాక మళ్లీ పూర్తి వాయి పెట్టాలి.

ఇక కరెంటు పోయినప్పుడు. మొదటి నియమం మూత ఎత్తకపోవడం. రెండోది, కంట్రోలర్‌కు మాత్రం చిన్న యూపీఎస్ పెట్టడం. కాయిళ్లను ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టర్ నడపలేదు. కానీ కరెంటు లేనంతసేపూ లోపల ఎంత వేడి ఉందో కంటికి కనపడాలి, తర్వాతి నిర్ణయమంతా ఆ అంకె మీదే ఆధారపడుతుంది. ఎక్కేటప్పుడు పోయి, తిరిగి వచ్చేసరికి 500 లోపు ఉంటే, అక్కడి నుంచి గంటకు 150 మించకుండా మళ్లీ మొదలుపెట్టాలి. 550 పైన ఉంటే మామూలు వేగంతోనే కొనసాగించవచ్చు. దిగేటప్పుడు పోయి ఇంకా 500 పైనే ఉంటే ఏ నష్టమూ లేదు, 482 దగ్గర పట్టుకుని పూర్తి గంట ఆపండి. 370కీ 482కీ మధ్యలో ఉంటే మళ్లీ 482కి ఎక్కించి అనీలింగ్ మొదటి నుంచి చేయండి. 370 కన్నా దిగిపోతే పూర్తిగా చల్లారనిచ్చి, ఇంకో రోజు గంటకు 100 చొప్పున మెల్లగా 482కి తీసుకెళ్లి మళ్లీ అనీల్ చేయండి. పగలలేదు కదా అని అలాగే అమ్మేస్తే, ఆ పళ్లెం మూడు నెలల తర్వాత కొన్నవాళ్లింట్లో అల్మారాలో ఉండగానే రెండు ముక్కలు కావచ్చు.

సాయంత్రాల్లో ఈదురుగాలులొచ్చి లైన్లు తెగే రోజులు కాబట్టి మే నెలలో కిల్న్‌ను రాత్రి 11 తర్వాత మొదలుపెట్టండి. కరిగే దశ తెల్లవారుజామున, అనీలింగ్ ఉదయం ఎనిమిది లోపు అయిపోతాయి. ఇంకో సంగతి, గదిలోనే 40-42 డిగ్రీలుంటే కిల్న్ 50కి దిగడానికి చలికాలం కన్నా చాలా గంటలు ఎక్కువ పడుతుంది. వేసవిలో నెలకు ఇరవై వాయిలు కాదు, పదహారు వేసుకోండి.

వైరింగ్ గురించి క్లుప్తంగా. 6 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ కిల్న్ 26 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడిగా 32 ఆంపియర్ల ఎంసీబీ, 6 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, మంచి ఎర్తింగ్ కావాలి. ఏసీ ప్లగ్‌లో పెట్టకూడదు. అంతకన్నా పెద్ద కిల్న్ కొంటే త్రీ ఫేజ్‌కి ముందే దరఖాస్తు చేసుకోండి.

ఆషాఢం వరం లాంటిది. పెళ్లిళ్లు ఉండవు, ఆర్డర్లు తగ్గుతాయి. ఆ నెల కిల్న్‌కి ఇవ్వండి. లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ వయసైపోతే అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. తెర మీద 805 అని ఉంటే లోపల 825 ఉండవచ్చు. అంచులు మరీ గుండ్రబడడం, గాజు షెల్ఫ్‌కి అంటుకోవడం దాని గుర్తులు. కాయిళ్లకు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్ మెకానికల్ రిలే అయితే ఏడాదికోసారి మార్చేయండి. రిలే అతుక్కుపోతే కిల్న్ ఆగకుండా ఎక్కుతూనే ఉంటుంది, ఆ వాయితో పాటు షెల్ఫ్ కూడా పోతుంది. కాయిళ్లను మాత్రం చల్లగా ఉన్నప్పుడు కదపకండి. ఒకసారి కాలిన కాయిల్ పెళుసుబారి పుటుక్కున విరుగుతుంది.

ఏ మూల వేడి, ఏ మూల చల్లన అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఒకే పలక నుంచి ఒకే కొలతతో ఐదు గాజు పట్టీలు కోసి, నాలుగు మూలల్లో ఒక్కోటి, మధ్యలో ఒకటి, ఒక్కోదాన్ని రెండు దిమ్మెల మీద వంతెనలా పెట్టండి. 650కి తీసుకెళ్లి పది నిమిషాలు ఆపి చల్లార్చండి. ఎక్కువ కుంగిన పట్టీ ఉన్న చోటు వేడి, కుంగకుండా తిన్నగా నిలిచింది చల్లని చోటు. పెన్సిల్‌తో పటం గీసి కిల్న్ మీద అంటించండి. ఏడాదంతా గిన్నెల బిళ్లలు ఎక్కడ పెట్టాలో, కోస్టర్లు ఎక్కడ పెట్టాలో ఆ పటమే చెబుతుంది.

వానాకాలం తడి మూడు చోట్ల దెబ్బతీస్తుంది. మొదటిది కిల్న్ వాష్, అంటే గాజు అంటుకోకుండా షెల్ఫ్‌కి పూసే అల్యూమినా, చైనా క్లే పూత. ఒక వంతు పొడికి ఐదు వంతుల నీళ్లు కలిపి, మెత్తని కుంచెతో నిలువు, అడ్డం, రెండు ఐమూలలు, ఇలా నాలుగైదు పలచటి పూతలు వేయాలి. ఎండలో ఆరింది కదా అని వదిలేయకుండా 260 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చాలి. తడి మిగిలితే ఆవిరి గాజు కింద చేరి పెద్ద బుడగ లేస్తుంది. పూర్తిగా కరిగించిన ప్రతి వాయి తర్వాత పాత పూత గీకేసి కొత్తది వేయండి. పాత పూత పళ్లెం అడుగున సున్నంలా అంటుకుంటే పోదు. గీకేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. చీపురు వద్దు, తడిగుడ్డతోనే తుడవాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఈ విషయంలో రాజీ పడకండి.

రెండోది ప్లాస్టర్ అచ్చులు. వానల్లో నీళ్లు పీల్చుకుని ఉంటాయి. 95 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆపి, ఆవిరి పూర్తిగా పోయాకే 100 దాటించాలి. లేకపోతే అచ్చు పగులుతుంది. మూడోది ఎవరూ పట్టించుకోనిది, పలకల నిల్వ. ఒకదానికొకటి ఆనించిన రెండు పలకల మధ్య తేమ చేరి వారాల తరబడి ఉంటే గాజు ఉపరితలమే కొరుక్కుపోతుంది. కడిగితే శుభ్రంగానే కనిపిస్తుంది, కిల్న్ నుంచి వచ్చాక తెల్లటి మసక బయటపడుతుంది. చెక్క స్టాండులో నిలబెట్టి, మధ్యలో కాగితం పెట్టి, గోడకు జానెడు దూరంలో ఉంచండి. కాగితం మెత్తబడితే మార్చండి.

శ్రావణం నుంచి దీపావళి దాకా అసలు సీజన్. వరలక్ష్మీ వ్రతానికి వాయనాల చిన్న పళ్లేలు, దసరాకు బొమ్మల కొలువు బహుమతులు, దీపావళికి దీపాలు. దీపావళి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ప్యాకింగుకు, చేరవేతకు పది రోజులు తీసేయండి, మిగిలిన వాయిల్లో పదింట తొమ్మిదే అమ్మండి. ఆ సంఖ్య నిండిన రోజే ఆర్డర్లు ఆపేయాలి.

దీపాల విషయంలో జాగ్రత్త అవసరం. ఫ్యూజ్ చేసిన గాజులో నూనె పోసి వత్తిని అంచుకు ఆనించి వెలిగించే ప్రమిద చేయకండి. మంట తగిలిన అంచు ఒక్కచోటే వేడెక్కి, పక్కనున్న చల్లని గాజుతో సర్దుకోలేక చిట్లుతుంది, నూనె ఒలుకుతుంది. గాజును గిన్నెలా చేసి మధ్యలో ఇత్తడి కుంది గానీ టీలైట్ గానీ పెట్టేలా తయారు చేయండి. మంట నుంచి గాజు గోడ నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

ఈ సీజన్‌లో పగుళ్లు వస్తే ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి పగులును చదవడం ముందే నేర్చుకోండి. ముక్కను చేతిలోకి తీసుకుని పగిలిన అంచును వేలితో మెల్లగా తడమండి. నునుపుగా, గుండ్రంగా ఉందంటే పైకి ఎక్కేటప్పుడే పగిలింది, తర్వాతి వేడికి ఆ అంచు కరిగింది. తొలి ఎక్కుదల నెమ్మదించాలి. అంచు కత్తిలా ఉంటే దిగేటప్పుడో బయటికొచ్చాకో పగిలింది. ఇప్పుడు గీత ఎటు పోయిందో చూడండి. రంగులతో నిమిత్తం లేకుండా పళ్లెం మీదుగా వంకీ తిరిగి, చివర కొక్కెంలా మళ్లితే అనీలింగ్ చాలలేదు. ఒక రంగు ముక్క చుట్టూ దాని హద్దునే పట్టుకుని పోతే ఆ రెండు గాజులకూ పొసగదు. ఎన్ని గంటలు అనీల్ చేసినా అది కుదరదు.

పొసగకపోవడం గురించే ఎక్కువ ప్రశ్నలొస్తాయి: పగిలిన చేతిగాజుల ముక్కలను కిటికీ అద్దం మీద పెట్టి కరిగించవచ్చా? ఫిరోజాబాద్ గాజుల రంగులు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ వేడికి వ్యాకోచించే తీరు ఒక్కో గాజుకూ ఒక్కోలా ఉంటుంది, ఒక కంపెనీ కిటికీ అద్దం ఇంకో కంపెనీదానితో కూడా కలవకపోవచ్చు. పైన పూసిన బంగారు మెరుగు ఎలాగూ మాడిపోతుంది. తేల్చుకోవడానికి పరీక్ష ఉంది. తెల్ల గాజు, అంటే రంగులేని పారదర్శక గాజు, పట్టీ మీద సెంటీమీటరు సైజు ముక్కలు దూరదూరంగా పెట్టి కరిగించి, మామూలుగా అనీల్ చేయండి. రెండు పోలరైజింగ్ ఫిల్ములను చీకటి వచ్చేలా అడ్డంగా తిప్పి, మధ్యలో పట్టీ పెట్టి వెలుతురుకు ఎత్తిపట్టండి. ముక్క చుట్టూ చీకటిగానే ఉంటే సరిపోతుంది. నాలుగు వైపులా తెల్లటి కాంతి రేకులు విచ్చుకుంటే ఆ జత వదిలేయండి. పక్కన ఏ ముక్కా పెట్టని తెల్ల గాజు పట్టీ కూడా అదే వాయిలో ఉంచండి. అందులోనూ వెలుతురు కనిపిస్తే తప్పు అనీలింగ్‌ది.

కిటికీ అద్దం చవక, ప్రతి అద్దాల షాపులో దొరుకుతుంది, నేర్చుకోవడానికి మంచిది. దానికి వేడి ఎక్కువ కావాలి: కరగడానికి సుమారు 830-840, అనీలింగ్ సుమారు 550. ఒకే పలక నుంచి కోసిన ముక్కలే కలపండి. దానికి ఒకవైపు తగరం పొర ఉంటుంది, తయారీలో కరిగిన తగరం మీద తేలుతుంది కాబట్టి. షార్ట్‌వేవ్ అతినీలలోహిత దీపం చూపిస్తే ఆ వైపు పాలలా వెలుగుతుంది. దీపాన్ని కంటికేసి చూడకండి. గిన్నెగా వంచేటప్పుడు ఆ వైపు కిందికి ఉండాలి. పైకి పెడితే లోపలి ముఖం నలిగి మంచు పట్టినట్టు అవుతుంది. టఫెండ్ గ్లాస్ అసలు తీసుకోవద్దు. కట్టర్ పెట్టగానే పొడిపొడి అవుతుంది.

కార్తీకం దాటాక క్రిస్మస్ నక్షత్రాలు, కిటికీలో వేలాడే బొమ్మలు. వేలాడదీసే కొక్కేనికి రాగి తీగ వాడితే కాలి పెచ్చులు రాలుతుంది. నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగను రెండు పలకల మధ్య సెంటీమీటరు లోపలికి పెట్టి కరిగించండి. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలై ఫిబ్రవరి మధ్య దాకా నడుస్తుంది. చిన్న స్టూడియోకి అన్ని రోజుల స్టాల్ భారం. ఇంకొకరితో పంచుకోగలిగితేనే వెళ్లండి. రోజూ ఒక మనిషి అక్కడే ఉంటే కిల్న్ దగ్గర ఎవరుంటారన్నది ముందే తేల్చుకోండి. జనవరి పొద్దుటి చలికి చల్లబడిన పలకలను కోసే ముందు గదిలో కాసేపు ఉంచండి. కట్టర్‌కి కిరోసిన్ చుక్క వేసి గీత ఒక్కసారే గీయండి. గీసిన గీత మీద మళ్లీ గీస్తే చక్రమూ పోతుంది, పలకా పోతుంది.

ప్యాకింగ్‌కి ఒకటే కొలత: వస్తువున్న పెట్టె చుట్టూ అన్ని వైపులా 5 సెం.మీ. మెత్త ఉండేలా ఇంకో పెట్టె. కొత్త రకం పెట్టె మొదలుపెట్టే ముందు పనికిరాని పళ్లెం ఒకటి అందులో పెట్టి నడుము ఎత్తు నుంచి మూడుసార్లు, ఒకసారి మూల మీద పడేలా వదలండి. పళ్లెం బతికితేనే ఆ పెట్టె వాడండి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లలకు పరీక్షలు కాబట్టి వర్క్‌షాపులు ఉండవు. దిగుమతి రంగు గాజు ఆర్డర్ పెట్టాల్సింది అప్పుడే. నోట్‌బుక్ తీసి ఏడాదిలో ఏ రంగు ఎన్ని వాయిల్లో పోయిందో లెక్కేయండి. తెల్ల గాజు ప్రతి వస్తువులో సగం ఉంటుంది కాబట్టి రంగులన్నీ కలిపి ఎంతో తెల్లది అంత తెప్పించండి. ఎరుపు, నారింజ, పసుపు ఖరీదెక్కువ. అవి పూర్తి పలకలుగా కాకుండా రవ్వగా, పొడిగా కొంటే తక్కువతోనే ఎక్కువ జాగా నిండుతుంది. మార్చి 31 నాటికి నిల్వ లెక్క రాసేటప్పుడు పగిలినవి, మచ్చలొచ్చినవి విడిగా తూకం వేసి రాసుకోండి. ఒకే రకం గాజు అయితే ఆ ముక్కలను రకం పేరు రాసిన డబ్బాలో పోసి దంచి రవ్వ చేయవచ్చు, వచ్చే వేసవి వర్క్‌షాపుల్లో పిల్లలకు అదే సరిపోతుంది. ఏ రకమో తెలియని ముక్క ఒక్కటి కూడా ఆ డబ్బాలో పడనివ్వకండి.